ప్రూఫ్‌రీడర్ దారిలో పోయాడు

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాలనీ, తొమ్మిదికల్లా ఆ ఊరు చేరాలనీ, ఎక్కడైనా ఆగి మొహం కడుక్కుని బట్టలు మార్చుకోవాలనీ, పదకొండుకి పది నిమిషాల ముందే కూతురి ఆసుపత్రి గుమ్మంలో నిలబడాలనీ ప్రూఫ్‌రీడర్ పథకం వేసుకున్నాడు. దాన్ని కాగితం మీద రాశాడు. రాసింది రెండుసార్లు దిద్దాడు. ముప్పై ఏళ్ళుగా ఒకే ప్రెస్సులో కూర్చుని ఇతరుల తప్పులు పట్టుకుంటూ బతికిన మనిషి కాబట్టి, తన జీవితంలో జరగబోయే తప్పులు కూడా ముందే కంటపడతాయని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆ రోజు ఉదయం ఏడూ నలభై దాకా నిలిచింది.

కూతురితో మాటల్లేక రెండేళ్ళయింది. ఒక్కతే కూతురు. పశువైద్యం చదివి, నగరంలో మందుల కంపెనీలో చల్లటి గదిలో ఉద్యోగం చేసేది. ఒకరోజు ఆ ఉద్యోగం మానేసి, ఎక్కడో పల్లెటూళ్ళ మధ్య ఉన్న చిన్న పట్నంలో సొంతంగా పశువుల ఆసుపత్రి పెట్టాలనుకుంది. తండ్రికి ఎదురుగా చెప్పే ధైర్యం చాలక నాలుగు పేజీల ఉత్తరం రాసి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన చదివాడు. ఏం చెప్పాలో తోచలేదు. తోచక, చేతికి అలవాటైన పని చేశాడు. ఎర్రకలం తీసి పదిహేడు తప్పులు దిద్ది, ఉత్తరాన్ని తీసుకెళ్ళి ఆమె గదిలో పెట్టేశాడు. ఆ సాయంత్రమే ఆమె పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది.

"పదిహేడు దిద్దారు. పద్ధెనిమిదోది మీరు చేశారు," అంది భార్య. రెండేళ్ళలో ఆ మాట కనీసం వందసార్లు అని ఉంటుంది.

పది రోజుల క్రితం కూతురి దగ్గర్నుంచి ఫోనులో ఒక సందేశం వచ్చింది. "ఆదివారం పదకొండుకి ఆసుపత్రి ప్రారంభం. రావాలనుకుంటే రావచ్చు." ప్రూఫ్‌రీడర్ ఆ రెండు వాక్యాలనూ పగలూ రాత్రీ చదివాడు. రావాలనుకునేది ఎవరో, రావచ్చునన్నది ఎవరినో అందులో ఎక్కడా లేదు.

"మిమ్మల్నేనండీ," అంది భార్య. సాయానికి ఆమె రెండు రోజుల ముందే కూతురి దగ్గరికి బయల్దేరింది. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి వేలు చూపించి మరీ చెప్పింది. "అక్కడికొచ్చాక నోరు తెరవకండి. తెరిస్తే తప్పయిందమ్మా అనండి. అంతే. ఇంకో అక్షరం వద్దు."

ఆయనకు కారు నడపడం రాదు. బైండర్‌కు వచ్చు. అదే ప్రెస్సులో పుస్తకాలు కుట్టే బైండర్, ప్రూఫ్‌రీడర్‌కు చిన్నప్పటి స్నేహితుడు. "బస్సులో ఒక్కడివే వెళ్తే సగం దారిలో దిగి వెనక్కొచ్చేస్తావురా. నిన్ను నేనెరగనా? నా కారులో పడేసి తీసుకెళ్తాను," అన్నాడు. పక్క వాటాలో ఉండే డ్రిల్లు మాస్టారు ఈ మాట గోడ అవతల్నుంచి విని, తను లేకుండా ఏ ప్రయాణమూ సవ్యంగా జరగదని చెప్పి మెళ్ళో విజిలుతో సహా వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. ముగ్గురిలో ఎవరూ ఆ ఊరు చూసినవాళ్ళు కాదు.

ముందురాత్రి ప్రూఫ్‌రీడర్ కన్ను మూయలేదు. కూతురు ఏమంటుంది, తనేమంటాడు, ఏమీ అనకపోతే ఎలా ఉంటుంది, ఇదే గొడవ. కొత్త ప్యాంటూ చొక్కా నలుగుతాయని హ్యాంగరుకు వేసి కారులో తగిలించాడు. కళ్ళజోడు ఆ చొక్కా జేబులో పెట్టాడు. ఫోను ముందువైపు చార్జింగులో పెట్టించాడు. తను మాత్రం చారల పైజమా, బనియనుతో వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

ఏడున్నరకు ఒక పెట్రోలు బంకు దగ్గర కారు ఆగింది. ముందు సీట్లో యుద్ధం నడుస్తోంది. బైండర్ ఎడమ రోడ్డంటాడు, మాస్టారు తాను గీసుకొచ్చిన పటం ప్రకారం కుడి రోడ్డంటాడు. మేలుకుంటే తీర్పు చెప్పమంటారని భయపడి, ప్రూఫ్‌రీడర్ చప్పుడు కాకుండా తలుపు తీసుకుని బంకు వెనక ఉన్న మరుగుదొడ్డికి వెళ్ళాడు. సంచి మీదా దిండు మీదా దుప్పటి మనిషి పడుకున్నట్టే గుట్టగా ఉండిపోయింది. మాస్టారు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, "పాపం, ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడయ్యా. మెల్లిగా పోనివ్వు," అన్నాడు.

ప్రూఫ్‌రీడర్ తిరిగొచ్చేసరికి కారు మలుపు దాటుతోంది. ఆయన పరిగెత్తాడు. ముప్పై ఏళ్ళుగా కుర్చీలోంచి లేవని కాళ్ళు ఇరవై అడుగులు సహకరించాయి. ఆ తర్వాత కుడికాలి చెప్పు తెగింది.

"మీవాళ్ళేనా అంకుల్?" అంది పెట్రోలు కొట్టే అమ్మాయి.

"మావాళ్ళే."

"మరి మిమ్మల్ని వదిలేశారే!"

ఆమె జాలిపడి బంకు గదిలోకి తీసుకెళ్ళి టేబులు మీద ఫోను ముందుకు జరిపింది. ప్రూఫ్‌రీడర్ రిసీవరు ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, అలాగే నిలబడిపోయాడు. భార్య నంబరు తెలియదు. కూతురి నంబరు తెలియదు. బైండర్ నంబరు అసలే తెలియదు. ఫోనులో పేరు నొక్కితే మనుషులు పలికేవారు. ప్రపంచంలో ఆయనకు కంఠతా వచ్చిన నంబరు ఒకే ఒక్కటి. అది ప్రెస్సుది. ఆదివారం ప్రెస్సులో ఉండేది వాచ్‌మన్ ఒక్కడు. వాచ్‌మన్‌కు ఒక చెవి పూర్తిగా వినిపించదు, రెండో చెవికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వినిపిస్తుంది.

వాచ్‌మన్ గొంతు గుర్తుపట్టలేదు. అందుకని ప్రూఫ్‌రీడర్ తన సంగతే ఎవరో మూడో మనిషి గురించి చెప్పినట్టు చెప్పాల్సి వచ్చింది. "ప్రూఫ్‌రీడర్ దారిలో ఉండిపోయాడని వాళ్ళావిడకి చెప్పాలి. ఓనరుగారి చేత ఫోను చేయించు," అని రెండుసార్లు అరిచాడు. వినపడలేదు. మూడోసారి మొదలుపెట్టి "ప్రూఫ్‌రీడర్ దారిలో" అన్నాడో లేదో, కిటికీ బయట ఒక లారీ చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది. హారన్ ఆగేసరికి ఆయన నోట్లోంచి "పోయాడు" అన్న ముక్క స్పష్టంగా వెళ్ళింది.

వాచ్‌మన్‌కు ఈసారి వినిపించింది. "అయ్యో! ఎప్పుడు బాబూ?"

"ఇందాకే. పది నిమిషాలైంది."

"బాగా బాధపడ్డారా?"

"పడడా మరి!"

"పక్కన అయినవాళ్ళెవరూ లేరా?"

"ఎవరూ లేరయ్యా. అదే కదా అసలు బాధ!"

వాచ్‌మన్ ఏడవడం ఫోనులో వినిపించింది. ఇన్నేళ్ళుగా ఇతనితో సరిగ్గా ఒక్కమాట మాట్లాడలేదు, అయినా నాకోసం ఎంత కదిలిపోయాడు అనుకుని ప్రూఫ్‌రీడర్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆయన బంకు ముందు సిమెంటు దిమ్మ మీద గంటకు పైగా కూర్చున్నాడు. కారు రాలేదు. అటువైపు వెళ్ళే బస్సు కూడా రాలేదు. గోడ గడియారం తొమ్మిది దాటింది. కూతురు గుమ్మం వైపు చూస్తుంది. రాలేదనుకుంటుంది. రాడని ముందే తెలుసనుకుంటుంది. ఆ చివరిది తలచుకోగానే ఆయన లేచి రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు.

అప్పుడొక ట్రాలీ బండి వచ్చి ఆగింది. వెనక తొట్టిలో తాళ్ళతో కట్టిన ఎర్రావు నిలబడి ఉంది. నడిపే ఆసామి మొహం ఆవు మొహం కన్నా దీనంగా ఉంది. అతని పక్కన అతని అత్తగారు, ఒళ్ళో వేణ్ణీళ్ళ ఫ్లాస్కుతో.

"ఈయన కూడా మీరెళ్ళే ఊరికేనండీ, ఎక్కించుకోండి," అంది బంకు అమ్మాయి. కారు తిరిగొస్తే చెబుతానని కూడా మాటిచ్చింది.

"ముందు చోటు లేదు. ఆవుతో పాటు నిలబడితే నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు ఆసామి. "తెల్లారుజాము నుంచి ఈనలేక చస్తోంది. దూడ ఒక కాలు బయటికొచ్చింది, రెండోది రావట్లేదు. కొత్త డాక్టరమ్మ ఇవాళే ఆసుపత్రి తెరుస్తోందంటే తీసుకెళ్తున్నా."

ఆ డాక్టరమ్మ నా కూతురే అని ప్రూఫ్‌రీడర్ చెప్పబోయాడు. తన పైజమా వైపు, ఒంటి చెప్పు వైపు చూసుకుని ఊరుకున్నాడు.

ఆవుకు దెబ్బ తగలకూడదని, గతుకు వచ్చినప్పుడల్లా ఆసామి బండిని నడిచే మనిషి వేగానికి తెచ్చాడు. ప్రూఫ్‌రీడర్ గడ్డి మోపు మీద కూర్చుని ఒక చేత్తో తొట్టి అంచునూ, రెండో చేత్తో ఆవు తాడునూ పట్టుకున్నాడు. కళ్ళజోడు లేనందువల్ల చెట్లూ ఇళ్ళూ మనుషులూ అన్నీ కలిసి పచ్చగా, బూడిదగా పక్కనుంచి జారిపోతున్నాయి. ఆవు ఒకటికి రెండుసార్లు ఆయన బనియను మీదే పేడ వేసింది. తుడుచుకోవడానికి గడ్డి తప్ప ఏమీ లేదు. ఇక ఇంతకన్నా దిగజారేది ఏమీ ఉండదని తేలిపోయాక, ఆయనకు కొంచెం ధైర్యం వచ్చింది. కూతురికి చెప్పాల్సింది ఒకసారి అనుకుని చూసుకుందామని గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా ఉన్నది ఆవు ఒక్కటే. దానికే చెప్పాడు.

"అమ్మా, తప్పు నాదే. కానీ ఆ ఉత్తరం చూడగానే నాకు..."

ఆవు నిట్టూర్చింది.

"అమ్మా, నేను అలా చేసి ఉండాల్సింది కాదు. కానీ నువ్వు కూడా ఒకసారి నాతో..."

క్యాబిన్ వెనక అద్దం లేని కిటికీలోంచి ఒక ముసలి గొంతు వచ్చింది. "బాబూ, కానీ తీసెయ్."

ప్రూఫ్‌రీడర్ ఉలిక్కిపడ్డాడు. ఆసామి అత్తగారు తల వెనక్కి తిప్పి చూస్తోంది. "ఇందాకణ్ణుంచి వింటున్నా. బాగానే మొదలుపెడతావు. కానీ అనగానే చెడిపోతోంది. నా అల్లుడూ ఇంతే. క్షమించమంటూనే నన్ను తిడతాడు."

"నేనెప్పుడు తిట్టాను?" అన్నాడు ఆసామి.

"ఇదిగో ఇట్లాగే," అంది ఆమె. ప్రూఫ్‌రీడర్ వైపు తిరిగి, "ఎవరికి చెప్పాలి బాబూ?" అని అడిగింది. ఎర్రకలం సంగతి దాచకుండా ఆయన అంతా చెప్పుకున్నాడు. "పిల్ల నాలుగు పేజీలు రాసిందంటే నువ్వేమంటావోనని ఎంత భయపడి ఉంటుందో," అంది ఆమె అంతా విని. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నా ఆ ఉత్తరంలో తనకు కనపడనిది అది.

సగం దారిలో ఎదురుగా ఒక తెల్ల వ్యాను వచ్చింది. ఏదో పారేసుకుని వెతుకుతున్నట్టు రోడ్డు అంచునే పట్టుకుని వెళ్ళింది. వెనకాలే ఒక కారు. కారు రంగు చూస్తే బైండర్‌దిలా అనిపించి, ప్రూఫ్‌రీడర్ లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతూ "ఒరేయ్!" అని పెద్దగా కేక పెట్టాడు. అదే క్షణంలో ఆవుకు నొప్పి వచ్చి అంతకన్నా పెద్దగా అరిచింది. కారులోవాళ్ళు ఆవునైతే చూశారు.

పట్నం చేరేసరికి పదకొండూ పది. పెద్ద వీధి పక్క సందులో చివరి భవనం. కొత్త రంగు వాసన, గుమ్మానికి అడ్డంగా కత్తిరించని రిబ్బను, షట్టరు దించి ఉంది. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకిచ్చే అతను కుర్చీలన్నీ ఒకదానిలో ఒకటి దోపుతున్నాడు. పక్క ఇళ్ళవాళ్ళు కొందరు గోడ వారగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ప్రారంభం లేదండీ," అన్నాడు కుర్చీలతను. "డాక్టరమ్మ నాన్నగారు పోయారు."

"ఎవరు పోయారు?" అన్నాడు ప్రూఫ్‌రీడర్.

"నాన్నగారండీ. ఇక్కడికొస్తుంటే దారిలోనే. ఆయన పనిచేసే చోట ఓనరు, పొద్దున్న డాక్టరమ్మ అమ్మగారికి ఫోను చేసి ధైర్యం తెచ్చుకోమన్నాడట. ఇంకేముంది. అంతలో ఆయన స్నేహితులు కారేసుకుని దిగారు. వాళ్ళకేమీ తెలియదు. మన కొండదారిలో ఫోన్లు పలకవుగా. పోవడమేంటండీ, వెనకాల నిద్రపోతుంటేనూ అని, విజిలేసుకున్న ఆయన దుప్పటి లాగాడు. సంచీ, దిండూ!" అతను తల కొట్టుకున్నాడు. "మనిషి పోవడం ఒక ఎత్తు, పోయిన మనిషిని పారేసుకోవడం ఇంకో ఎత్తు. పోలీసు స్టేషనుకెళ్ళి చెప్పి, అందరూ ఆ దారంతా వెతకడానికి వెళ్ళారు."

ప్రూఫ్‌రీడర్ చేతిలోని తాడు జారిపోయింది. వాచ్‌మన్ ఏడుపు, లారీ హారన్, తెల్ల వ్యాను ఒక్కొక్కటే వచ్చి ఆయన ముందు నిలబడ్డాయి.

"ఆ నాన్నగారిని నేనే," అన్నాడు.

కుర్చీలతను బనియను వైపూ, పేడ వైపూ, ఒంటి చెప్పు వైపూ చూసి, సానుభూతిగా ఒక కుర్చీ బయటికి లాగాడు. "కూర్చోండి బాబూ. ఎండగా ఉంది."

"అమ్మాయి ఏమంది?" అని అడిగాడు ప్రూఫ్‌రీడర్.

"ఏమంటుంది పాపం! రెండేళ్ళుగా మాటల్లేవట. అయినా నిన్న సాయంత్రం నాచేత ముందు వరసలో మధ్య కుర్చీ మూడుసార్లు తుడిపించింది. ఇందాక దాన్ని పట్టుకునే ఏడ్చింది."

ప్రూఫ్‌రీడర్ ఆ కుర్చీ ఏదని అడగబోయాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి, పైగా ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయి. ఈ లోపల తొట్టిలో ఆవు ముందు మోకాళ్ళ మీద పడి, పక్కకు ఒరిగిపోయింది. ఆసామి ఘొల్లుమన్నాడు. ఇంకో పశువుల డాక్టరు దొరకాలంటే మూడు గంటల ప్రయాణం. అందరూ సాయం పట్టి ఆవును వాకిట్లోకి దించి గడ్డి మీద పడుకోబెట్టారు. ఆసామి షట్టరు మీద రాసి ఉన్న నంబరుకు ఫోను చేశాడు. అదృష్టం కొద్దీ డాక్టరమ్మ అప్పటికి కొండ మీద, ఫోను పలికే ఒకే ఒక్క చోట ఆగి, దారిలో ఉన్న ఆసుపత్రులన్నిటికీ ఫోన్లు చేస్తోంది.

"ఇటివ్వండి! నేను బతికే ఉన్నానని చెప్పాలి!" అని ప్రూఫ్‌రీడర్ ఫోను మీద పడ్డాడు.

ఆసామి మోచేత్తో ఆయన్ని పక్కకు నెట్టాడు. "ఆగండి బాబూ! ముందు ఆవు బతకాలి. మీరు తర్వాత బతుకుదురుగాని!"

అవతల ఒక ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత నిలకడైన గొంతు. "నేను రావడానికి ముప్పావుగంట పడుతుంది. అంతసేపు దూడ ఆగదు. నేను చెబుతాను, మీరు చెయ్యండి. ఫోను స్పీకరులో పెట్టండి. అక్కడ సన్నటి చెయ్యి ఎవరికుంది?"

ఆసామి చెయ్యి రోకలిలా ఉంది. కుర్చీలతని చెయ్యి అంతకన్నా లావు. అందరి చూపులూ, ముప్పై ఏళ్ళుగా కలం కన్నా బరువైంది ఎత్తని ఒకే ఒక చేతి మీద వాలాయి.

"ఉన్నాడమ్మా, ఒకాయన ఉన్నాడు," అంది ఆసామి అత్తగారు.

"బాబుగారూ, భయపడకండి," అంది కూతురి గొంతు. "మోచేతి పైదాకా సబ్బుతో కడుక్కోండి. ఉంగరం ఉంటే తీసెయ్యండి. కడిగారా?"

"ఊఁ," అన్నాడు ప్రూఫ్‌రీడర్. నోరు తెరిస్తే గొంతు గుర్తుపడుతుంది. గుర్తుపడితే అక్కడ ఆమె కూలబడిపోతుంది, ఇక్కడ ఆవు పోతుంది. భార్య చెప్పిన మాట మొదటిసారి తుచ తప్పకుండా పాటించి పెదాలు బిగించాడు.

"దూడ తల తగులుతోందా? దాన్ని మెల్లిగా వెనక్కి తొయ్యండి. ఆవు ముక్కుతున్నప్పుడు తొయ్యకండి, ఆగినప్పుడే. ఇప్పుడు తల పక్కనుంచి లోపలికెళ్తే మడిచిన మోకాలు దొరుకుతుంది. దొరికిందా?"

"ఊఁ."

"ఇంకా కిందికి. గిట్ట. దాన్ని అరచేతిలో మూసేసి పట్టుకోండి, లోపల గీసుకోకూడదు. మోకాలు పైకి, గిట్ట మీ వైపుకి. తొందరలేదు. తప్పుపోయినా పర్లేదు, మళ్ళీ చేద్దాం."

తప్పుపోయినా పర్లేదు. ప్రూఫ్‌రీడర్ చెంప ఆవు పిర్రకు ఆనించి, కళ్ళు మూసుకుని, గడ్డిలో బోర్లా పడుకుని ఉన్నాడు. ఆవు ముక్కినప్పుడల్లా ఎముకల మధ్య చెయ్యి నలిగిపోతోంది. గిట్ట రెండుసార్లు దొరికి జారిపోయింది. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి నొప్పికో, ఫోనులోంచి వస్తున్న గొంతుకో ఆయనకే తెలియదు. రెండేళ్ళలో ఆ గొంతు వినడం ఇదే. అంత దుఃఖంలోనూ అది వణకడం లేదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తొందరపెట్టాలో దానికి తెలుసు. ఈ పిల్లనా, చల్లటి గదిలో కూర్చోబెట్టాలనుకున్నది!

మూడోసారి గిట్ట అరచేతిలో కుదురుకుంది. కాలు సాగి బయటికొచ్చింది. "ఇప్పుడు ఇద్దరూ పట్టుకుని, ఆవు ముక్కినప్పుడు మాత్రం కిందికి లాగండి," అంది గొంతు. ఆసామీ ఆయనా కలిసి లాగారు. ఆవు నాలుగోసారి ముక్కగానే దూడ మొత్తం జర్రున వచ్చి ప్రూఫ్‌రీడర్ ఒళ్ళో పడింది. ఆసామి అత్తగారు దాని ముక్కులో జిగురు తుడిచి, గడ్డితో గట్టిగా రుద్దింది. దూడ తుమ్మింది. గోడవారగా చావుకు నిలబడ్డవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

"బతికిందా?" అంది ఫోను.

"బతికిందమ్మా! పెయ్యదూడ!" ఆసామి ఏడుస్తున్నాడు.

"ఇందాక చెయ్యి పెట్టిన ఆయన్ని ఒకసారి పిలవండి. చాలా బాగా చేశారండీ. మీకు ఇంతకుముందు అలవాటుందా?"

ఒళ్ళో దూడ ఉంది, గుండె నిండి ఉంది, ఆయన జాగ్రత్త మరిచిపోయాడు. "లేదమ్మా," అన్నాడు.

ఫోనులో గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. వెనకనుంచి భార్య గొంతు "ఎవరే?" అంది. కూతురు ఏదో అంది, అది సరిగా వినపడలేదు. తర్వాత ఫోను ఆగిపోయింది.

"పెట్టేసింది," అన్నాడు ప్రూఫ్‌రీడర్.

"సిగ్నలు పోయుంటుంది," అన్నాడు కుర్చీలతను. ఇప్పుడతనికి నమ్మకం కుదిరింది కాబట్టి ఓదార్పు కూడా వచ్చింది.

"కాదు. పెట్టేసింది."

ముప్పావుగంట ఆయన గడ్డిలోనే కూర్చున్నాడు. ఎవరో నీళ్ళిస్తే తాగాడు. ఆ ముప్పావుగంటలో ఆయనకు ఒక విషయం తెలిసొచ్చింది. పోయిన తండ్రి కోసం ఆమె ఏడ్చింది. ఉన్న తండ్రి గొంతు వినగానే ఫోను పెట్టేసింది. మరి తను చెయ్యాల్సిన మంచిపనేమిటో వేరే చెప్పక్కర్లేదు. సందు చివర బస్టాండు ఎటుందో అడిగాడు కూడా. ఆసామి అత్తగారు చొరవగా ఆయన రెండో చెప్పు లాక్కుని తన కాళ్ళ కింద పెట్టుకుంది.

తెల్ల వ్యాను వచ్చింది. వెనక బైండర్ కారు. ముందుగా దిగింది డ్రిల్లు మాస్టారు. ఫోనులో విన్నా నమ్మలేదేమో, రక్తంతో పేడతో తడిసిన బనియనుతో ప్రూఫ్‌రీడర్ గడ్డిలోంచి లేవడం చూసి, ఊపిరి పీల్చబోయి నోట్లో ఉన్న విజిలు ఊది, దాని చప్పుడుకు తనే బెదిరి బైండర్ చేతుల్లో కూలిపోయాడు. భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

కూతురు ఎవరినీ చూడలేదు. నేరుగా ఆవు దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. లోపల పరీక్షించింది. దూడ బొడ్డుకు మందు రాసింది. అది లేచి నిలబడి, పడి, మళ్ళీ లేచి పొదుగు వెతుక్కునేదాకా అక్కడే ఉంది. చేతులు కడుక్కుంది. అప్పుడు తండ్రి ముందుకు వచ్చి నిలబడింది. ముక్కూ కళ్ళూ వాచి ఉన్నాయి. చిన్నప్పుడు జ్వరమొస్తే అట్లాగే ఉండేది.

"అమ్మా, తప్పు నాదే," అన్నాడు ప్రూఫ్‌రీడర్.

ఆసామి అత్తగారు ఊపిరి బిగబట్టింది. ఆయన తర్వాతి మాట కోసం వెతుక్కున్నాడు. ఏదీ దొరకలేదు. అక్కడే ఆగిపోయాడు.

కూతురు రెండు చేతులతో ఆయన భుజాలు పట్టుకుని కుదిపింది. "ఒక్క నంబరైనా గుర్తుండదా నీకు? అమ్మ నంబరు? నా నంబరు? దారి పొడుగునా ఒక్కో మురిక్కాలవలోకీ దిగి వెతికాను తెలుసా!" అని మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి ఫోను చార్జింగు మీదికి వెళ్ళింది. ఉత్తరం దగ్గరికి వచ్చింది. ఉత్తరం నుంచి ఎనిమిదో తరగతి వ్యాసరచన పోటీకి, అక్కణ్ణుంచి తన పదో పుట్టినరోజు మీదికి వెళ్ళింది. ఆయన పెదాలు కదిపితే "మాట్లాడకు!" అంది. మాట్లాడకపోతే "మాట్లాడవేం!" అంది. తండ్రి బతికున్నాడన్న సంతోషంలో, పొద్దుటినుంచీ మరిచిపోయిన కోపమంతా ఆమెకు వరసపెట్టి గుర్తొస్తోంది.

"వదినా, కాస్త మీరైనా ఆపండి. వాడు నిలబడలేకపోతున్నాడు," అన్నాడు బైండర్, మాస్టారి మొహాన నీళ్ళు చల్లుతూ.

"నోర్మూసుకోండి. రెండేళ్ళ తర్వాత మాట్లాడుతోంది," అంది భార్య.

కుర్చీలతను పది కుర్చీల దొంతర నెత్తిన పెట్టుకుని చాలాసేపటినుంచి పక్కనే నిలబడ్డాడు. పొద్దున వెయ్యమన్నారు, తర్వాత తియ్యమన్నారు, ఇప్పుడెవరూ ఏమీ చెప్పడం లేదు. మధ్యలో ఆమె ఊపిరి తీసుకోవడం చూసి అడిగాడు. "అమ్మా, ఇంతకీ కుర్చీలు తీసుకెళ్ళనా, వెయ్యనా?"

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని అంది, "ప్రస్తుతానికి రెండు వెయ్యండి. ఇది ఇప్పట్లో తెమిలేది కాదు."